నేపుల్స్ పాత ఊళ్లో పెద్దవాళ్లతో నడవాలంటే

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. సోమవారం రాత్రి ఇటలీలోని నేపుల్స్‌లో దిగుతారు, మంగళవారం అంతా ఖాళీ, బుధవారం మధ్యాహ్నం రైలు. మీతో పాటు గుంటూరు నుంచి వచ్చిన మీ అత్తయ్యగారు, మామయ్యగారు ఉంటారు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి, ఇద్దరూ శాకాహారులు. స్పక్కానాపొలి వీధి నడుద్దామనుకుంటే ఒకరు "రెండు గంటల్లో అయిపోతుంది, మిగతా టైమ్ పాంపే వెళ్లండి" అన్నారు, ఇంకొకరు "అటే పోవద్దు, అంతా దొంగలు" అన్నారు. ఎవరి మాట వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం తినొచ్చు?

ఇద్దరి మాటా వినకండి. చదువు కోసం వెళ్లి ఆ ఊళ్లో ఐదేళ్లు ఉన్నాను. వియా దేయి త్రిబునాలి పక్క సందులో, లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తు. వచ్చిన ప్రతి చుట్టాన్నీ, స్నేహితుణ్నీ, చివరికి మా అమ్మని కూడా ఆ రాళ్ల మీదే తిప్పాను. మొదట్లో నేనూ రోజుకి పన్నెండు చర్చిలు చూపించేసి అందరి కాళ్లూ విరగ్గొట్టినవాణ్నే. తర్వాత తెలిసొచ్చింది ఏంటంటే అక్కడ రోజుకి ఒక వీధి చాలు. మంగళవారం స్పక్కానాపొలి, బుధవారం పొద్దున త్రిబునాలి, అంతే. ఒక్కో వీధి మీరు నడిచే భాగం కిలోమీటరు కూడా ఉండదు, కానీ పది అడుగులకోసారి ఆగుతారు. ఆగనివ్వండి, అందుకే కదా వెళ్లేది.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. కప్పెల్లా సాన్సెవేరో (ముసుగు కప్పిన క్రీస్తు పాలరాతి శిల్పం ఉండే చోటు) మంగళవారం సెలవు. పురావస్తు మ్యూజియం కూడా మంగళవారమే సెలవు. ఇది తెలియక మూసిన తలుపు ముందు నిలబడి ఫొటో దిగి వెనక్కి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. కాబట్టి సాన్సెవేరో బుధవారానికి పెట్టుకోండి, టికెట్ ఆన్‌లైన్లో ఇప్పుడే కొనేయండి, అప్పటికప్పుడు వెళ్తే దాదాపు దొరకదు.

ఇక ఊరి లెక్క. ఇది అర్థమైతే మ్యాప్ తీయక్కర్లేదు. నేపుల్స్ అన్న పేరే గ్రీకుల "నెయాపొలిస్", అంటే కొత్త ఊరు. దాదాపు 2500 ఏళ్ల క్రితం గ్రీకులు గళ్ల కాగితం మీద గీసినట్టు ఊరు గీశారు. తూర్పు పడమరలుగా మూడు పొడుగు వీధులు, వాటిని కలుపుతూ ఉత్తర దక్షిణాలుగా బోలెడు సన్న సందులు. ఒక్కో గడి సుమారు 35 మీటర్ల వెడల్పు, 180 మీటర్లకు పైగా పొడవు. తర్వాత రోమన్లు వచ్చారు, ఆపైన నార్మన్లు, ఫ్రెంచివాళ్లు, స్పానిష్‌వాళ్లు. ఎవరికివాళ్లు మేడలూ చర్చిలూ కట్టుకున్నారు గానీ గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. యునెస్కో 1995లో ఈ పాత ఊరిని వారసత్వ జాబితాలో చేర్చడానికి ఇదీ ఒక కారణం. మూడు గీతల్లో దక్షిణం వైపుది స్పక్కానాపొలి, నడిమిది త్రిబునాలి, పైది అంతిచాల్యా. నేపుల్స్‌ని ఇటాలియన్లో నాపొలి అంటారు, స్పక్కానాపొలి అంటే "నాపొలిని చీల్చేది" అని అర్థం. అదొక్క వీధి పేరు కాదు, బోర్డుల మీద చూస్తే పేరు మధ్యలో రెండు మూడు సార్లు మారుతుంది, కంగారు పడకండి. దారి తప్పితే ఏదో ఒక అడ్డసందు పట్టుకుని దిగుడు వైపు నడిస్తే స్పక్కానాపొలి, ఎగుడు వైపు నడిస్తే త్రిబునాలి తగులుతాయి.

మంగళవారం పొద్దున తొమ్మిదికల్లా దాంతె మెట్రో స్టేషన్లో దిగండి. మీ హోటల్ స్టేషన్ దగ్గరే అన్నారు కాబట్టి గరిబాల్ది నుంచి లైన్ 1 నేరుగా వస్తుంది. దారిలో తొలేదో స్టేషన్ నీలిరంగు మొజాయిక్ పనికి పేరున్నది, వీలుంటే దిగి చూసి మళ్లీ ఎక్కండి. దాంతె నుంచి పియాట్సా దెల్ జేసూ నువోవోకి (పియాట్సా అంటే చౌక్) నిదానంగా నడిచినా పది నిమిషాలు. పదకొండు దాటి బయల్దేరితే మీకు చర్చిలు దక్కవు, ఎందుకంటే చాలా చర్చిలు పన్నెండున్నర, ఒంటిగంటకి మూసేసి నాలుగింటికి గానీ తెరవరు. అది వాళ్ల భోజనం, కునుకు వేళ.

జేసూ నువోవో చర్చి ముందుభాగం చూడగానే మీ మామయ్యగారు "ఇదేంటి, కోటా?" అంటారు. అందరూ అంటారు. బూడిదరంగు రాయిని పిరమిడ్ల మొనల్లా చెక్కి గోడంతా పేర్చారు. అది 1470లో సాన్సెవెరీనో వంశపు ప్రభువు కట్టించుకున్న మేడ. వాళ్ల ఆస్తులు జప్తయ్యాక 1584లో జెసూయిట్లనే క్రైస్తవ సన్యాసుల సంఘం చేతికొచ్చి చర్చి అయింది, ముందుగోడ మాత్రం అలాగే ఉంచేశారు. బయట అంత మొరటుగా ఉన్నది లోపలికెళితే రంగురంగుల పాలరాయి, బంగారం, మెడ నొప్పి పుట్టేంత పైకప్పు. అవి ఐదు నిమిషాలు చూసి కుడివైపు జుసెప్పె మొస్కాతి సమాధి దగ్గరికి వెళ్లండి. ఈయన డాక్టరు, 1880 నుంచి 1927 దాకా బతికాడు, 1987లో పోప్ సెయింటుగా ప్రకటించారు. పేషెంట్లు కూర్చునే గదిలో ఒక బుట్ట పెట్టి, ఉన్నవాళ్లు వేయండి, లేనివాళ్లు తీసుకోండి అని రాసి పెట్టేవాడని చెబుతారు. ఆయన కంచు విగ్రహం చెయ్యి పట్టుకోడానికి జనం వరసలో నిలబడతారు, అందరూ పట్టీ పట్టీ ఆ చెయ్యి మెరిసిపోతుంటుంది. ఆ పక్క గదుల నిండా మొక్కు తీరినవాళ్లు తెచ్చి తగిలించిన వెండి రేకు బొమ్మలు. కన్నూ, కాలూ, గుండే. మా అమ్మ తిరుపతిలోనో అన్నవరంలోనో ఉన్నట్టే అక్కడ పావుగంట కూర్చుంది, మాటల్లేవు. అక్కడే 1943 ఆగస్టు 4న చర్చి మీద పడి పేలని బాంబు తొడుగు కూడా పెట్టారు, చూడండి.

ఎదురుగా ఉన్న సాంతా కియారాకి ఆ రోజు అంత అదృష్టం లేకపోయింది. 1310లో మొదలుపెట్టి ఆంజూ వంశపు రాజు రాబర్ట్, రాణి సాంచా కట్టించిన చర్చి అది. 18వ శతాబ్దంలో దానికి బంగారపు హంగులన్నీ అద్దారు. అదే 1943 ఆగస్టు 4న మిత్రదేశాల బాంబులకి కాలిపోయింది. తిరిగి కట్టేటప్పుడు ఆ హంగులు మళ్లీ పెట్టకుండా పాత గోతిక్ గోడలతోనే నిలబెట్టి 1953లో తెరిచారు. ఇప్పుడు లోపలంతా బోసిగా, ఎత్తుగా, మౌనంగా ఉంటుంది. నాకైతే జేసూ నువోవో కంటే ఇదే ఇష్టం. వెనక ఉన్న ఆవరణకి టికెట్ ఉంది, డబ్బులకి చూసుకోకండి, ఆ రోజు మీ పెద్దవాళ్లకి గుర్తుండిపోయేది అదే. 1740ల్లో దొమేనికో అంతోనియో వక్కారో తీర్చిదిద్దిన తోట. స్తంభాల నిండా పసుపూ నీలం పచ్చ పింగాణీ పలకలు, వాటి మీద తీగలూ ద్రాక్షగుత్తులూ నిమ్మకాయలు. మధ్యలో ఉన్న బల్లల వెనక పల్లెటూరి బొమ్మలు, వేటా, డ్యాన్సులూ, పడవలూ, సంతా. గోడ దాటి బయటికి రాకూడని సన్యాసినుల కోసం బయటి ప్రపంచాన్ని పలకల మీద వేయించారన్నమాట. ఆ బల్లల మీద కూర్చోనివ్వరు, చుట్టూ ఉన్న వరండాలో కూర్చోవచ్చు. మామయ్యగారి మోకాళ్లకి మొదటి విశ్రాంతి ఇక్కడే.

బయటికొచ్చి తూర్పు వైపు నడవడమే. ఈ ముక్క పేరు వియా బెనెదెత్తో క్రోచె. క్రోచె అనే ఆ తత్వవేత్త 1952లో చనిపోయేదాకా ఈ వీధిలోని పలాత్సో ఫిలొమరీనో అనే మేడలోనే ఉన్నాడు. ఇక్కడి నుంచి మీరు చేయాల్సింది ఒకటుంది. తెరిచి ఉన్న ప్రతి పెద్ద తలుపులోంచీ లోపలికి తొంగి చూడండి. బయట నల్లబడిన గోడ, దాని మీద గ్రాఫిటీ. లోపల చూస్తే రథం తిరిగేంత వాకిలి, రెండువైపులా మెట్లు, ఒక తాటిచెట్టు, ఆరేసిన బట్టలు. ఎవరైనా చూస్తే "బోన్‌జోర్నో" అనండి, తిట్టరు. తలెత్తి చూస్తే ఐదారు అంతస్తుల పైన సన్నటి గీతలా ఆకాశం, బాల్కనీల మధ్య దండేలు. ఒక్కోసారి పైనుంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది, కిందున్న కొట్టతను అందులో బ్రెడ్డో కూరలో వేస్తాడు, బుట్ట పైకి పోతుంది. దాన్ని పనారో అంటారు. మా అమ్మ అది చూసి పకపకా నవ్వింది, విజయవాడలో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు నుంచి ఆవిడ ఆకుకూరల బండికి దింపే ప్లాస్టిక్ బుట్ట గుర్తొచ్చి.

ఇక్కడ ఇంకో సంగతి. నేల మీద, వీధిలోకే తలుపు తెరుచుకుని, ఒకే గదితో కొన్ని ఇళ్లు కనిపిస్తాయి. బాస్సో అంటారు వాటిని. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక ముసలావిడ, లోపల టీవీ, మంచం, దేవుడి పటం. అది ఇల్లు, మ్యూజియం కాదు. దయచేసి లోపలికి ఫోన్ పెట్టి ఫొటో తీయకండి, మన ఇంటి గుమ్మంలో ఎవరైనా అలా తీస్తే మనకెలా ఉంటుంది?

కాస్త ముందుకెళితే పియాట్సా సాన్ దొమేనికో మజ్జోరే. ఇక్కడి మఠంలో మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త తోమాస్ అక్వినాస్ ఉండి పాఠం చెప్పాడు. చౌక్‌లో ఉన్న పలాత్సో సాన్సెవేరోలో 1590 అక్టోబరులో కార్లో జెజువాల్దో అనే ప్రభువు, గొప్ప సంగీతకర్త, తన భార్య మరియా దావలోస్‌నీ ఆమె ప్రియుణ్నీ చంపించాడు. రాత్రిళ్లు ఆవిడ కేక వినిపిస్తుందని ఆ వీధివాళ్లు ఇప్పటికీ చెబుతారు. నేను అర్ధరాత్రి ఎన్నిసార్లు దాటానో, నాకు వినిపించింది స్కూటర్లే. ఇక్కడ కాఫీకి ఆగండి.

కాఫీ పద్ధతి చెబుతాను, లేకపోతే తికమక పడతారు. చాలా చోట్ల ముందు గల్లాలో డబ్బు కట్టి చీటీ తీసుకుని తర్వాత కౌంటర్ దగ్గర నిలబడాలి. చిన్న గ్లాసు నీళ్లు ఇస్తారు, అవి కాఫీకి ముందు తాగాలి, నోరు శుభ్రం కావడానికి. కాఫీ మూడు గుటకలు, నిలబడే తాగి వెళ్లిపోతారు. కూర్చుంటే ధర వేరే. "కఫె సొస్పేసో" అని ఒక ఆచారం ఉంది. మీరొక కాఫీ తాగి రెండిటికి డబ్బు కడితే, రెండోది తర్వాత ఎవరో లేనివాళ్లు వచ్చి అడిగి తాగుతారు. మొస్కాతి బుట్ట గుర్తొచ్చిందా? అదే ఊరు మరి. మామయ్యగారికి ఫిల్టర్ కాఫీ అలవాటైతే "కఫె మక్యాతో" చెప్పండి, కాస్త పాలచుక్క పడుతుంది, లేకపోతే ఆ చేదుకి ఆ రోజంతా మిమ్మల్ని తిడతారు. ఇంకో సరదా సంగతి, మనం తెలుగుని "ఈస్ట్ ఇటాలియన్" అని గొప్పగా చెప్పుకుంటాం కదా, పదాలన్నీ అచ్చులతో ముగుస్తాయని. తీరా నేపుల్స్‌లో చూస్తే వాళ్లు ఆ చివరి అచ్చుని మింగేస్తారు! నాపొలి అన్నది వాళ్ల భాషలో దాదాపు "నాపుల్" లాగా వినిపిస్తుంది. రోమ్‌లో నేర్చుకున్న నా ఇటాలియన్ మొదటి ఆర్నెల్లూ ఇక్కడ దేనికీ పనికిరాలేదు.

రెండు నిమిషాలు నడిస్తే నైలు నది విగ్రహం. రోమన్ల కాలంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన వ్యాపారులు ఈ పేటలో ఉండేవారు, వాళ్లు పెట్టుకున్న నైలు దేవుడు. మధ్యలో ఎక్కడో పూడిపోయి తల లేకుండా మళ్లీ బయటపడ్డాడు. పక్కన పిల్లల బొమ్మలుండటం చూసి జనం ఇది ఊరి తల్లే, పిల్లలకి పాలిస్తోందనుకుని "నాపొలి ఒళ్లు" అని పేరు పెట్టేశారు. 17వ శతాబ్దంలో గడ్డమున్న తల అతికించాక గానీ నాన్న అని తేలలేదు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దానికెదురుగా ఉన్న బార్‌లో మరడోనాకి చిన్న గుడి ఉంది, అందులో ఆయన తలవెంట్రుక అని చెప్పేది ఒకటి. మరడోనా 1984 నుంచి 1991 దాకా ఈ ఊరి ఫుట్‌బాల్ టీముకి ఆడి 1987లో, 1990లో లీగ్ గెలిపించాడు. అంతకుముందు ఆ టీమ్ ఒక్కసారీ గెలవలేదు. హీరో కటౌట్‌కి పాలాభిషేకం చేసిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకి దీని గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడి నుంచి వీధి పేరు సాన్ బియాజో దేయి లిబ్రాయి, పుస్తకాలవాళ్ల వీధి. తత్వవేత్త జాంబత్తీస్తా వీకో 1668లో ఈ వీధిలోనే ఒక పుస్తకాల కొట్టతనికి పుట్టాడు. ఎడమవైపు సాన్ గ్రెగోరియో అర్మేనో సందు వస్తుంది, అత్తయ్యగారిని ఇక్కడ కనీసం గంట వదిలేయండి. ఇది బొమ్మల వీధి. క్రిస్మస్‌కి ఇళ్లలో పెట్టుకునే "ప్రెజేపె", అంటే యేసు పుట్టిన పాక చుట్టూ ఒక ఊరంతా పేర్చే కొలువు. మన బొమ్మల కొలువు చూసినవాళ్లకి ఇది చాలా దగ్గరగా అనిపిస్తుంది. మట్టి బొమ్మలు, బెరడుతో చేసిన కొండలు, నాచు, నీళ్లు నిజంగా పారే బావులు, కరెంటుతో చెయ్యి ఆడించే పిజ్జా మాస్టరు. ఏ ఏడాది ఎవరు వార్తల్లో ఉంటే వాళ్ల బొమ్మ, రాజకీయ నాయకులు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు. నన్నడిగితే ఆ సెలబ్రిటీ బొమ్మలు వదిలేసి బెనీనోని కొనండి. కొలువులో అన్నిటికంటే పైన నిద్రపోతుండే గొర్రెల కాపరి. ఆ కొలువంతా వాడి కలే, వాణ్ని లేపితే మొత్తం మాయమైపోతుంది అంటారు. మా ఇంట్లో దసరా కొలువులో కొండపల్లి బొమ్మల మధ్య వాడొకడు పడుకుని ఉంటాడు. ప్లాస్టిక్ అచ్చుబొమ్మలు కూడా అమ్ముతారు, బొమ్మ కిందికి తిప్పి చూస్తే మట్టో కాదో తెలిసిపోతుంది. మీరు వెళ్లేది అక్టోబరు చివర కాబట్టి సరిపోయింది. నవంబరు చివరి నుంచి శని ఆదివారాల్లో ఈ సందులో కాలు పెట్టే చోటుండదు, జనమే మిమ్మల్ని మోసుకెళ్తారు.

అదే వీధిలో సాన్ గ్రెగోరియో అర్మేనో చర్చి ఉంది. అందులో సాంతా పత్రీత్సియా అనే సెయింటు రక్తం సీసాలో ఉంది, ప్రతి మంగళవారం కరుగుతుందని భక్తుల నమ్మకం. మీరెలాగూ మంగళవారమే వెళ్తున్నారు. ఊళ్లో పెద్ద పేరు మాత్రం ఊరిని కాచే సెయింటు సాన్ జెన్నారో రక్తానిది, అది దువోమోలో (ఊరి ప్రధాన చర్చి) ఏడాదికి మూడుసార్లు కరుగుతుందంటారు, మేలో మొదటి ఆదివారానికి ముందు శనివారం, సెప్టెంబరు 19, డిసెంబరు 16. కరగకపోతే ఊరికి కీడని భయం. దువోమో సందర్భం లేని రోజు వెళ్లినా చూడదగ్గదే, ముఖ్యంగా పక్కనున్న పాత బాప్తిస్మ గది, కానీ మంగళవారం ఇప్పటికే బరువైపోయింది, బుధవారం ఓపికుంటే చూడండి.

భోజనం. ఇక్కడ జాగ్రత్త, ఎందుకంటే మాంసం కనిపించని చోట కూడా పంది కొవ్వు ఉంటుంది. వీధి పొడుగునా అద్దాల వెనక ఊరించే రింగుల్లాంటి తరాల్లిలో చాలావరకు మిరియాలూ పంది కొవ్వూ కలిపి చేస్తారు. నేను నాలుగు నెలలు రోజూ సాయంత్రం టీతో తిన్నాక తెలిసింది, మా ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. ఆ కొవ్వుకి స్త్రుత్తో అని ఒక పేరు, "సూన్యా" అని ఇంకో పేరు. శూన్యం అనుకుని తినేసేరు. పొరలు పొరలుగా ఉండే స్ఫోల్యాతెల్లాలో కూడా పాత పద్ధతిలో అదే వేస్తారు. ఫ్రియరియెల్లి అనే చేదు ఆకుకూర అద్భుతంగా ఉంటుంది గానీ మామూలుగా సాసేజీతో ఇస్తారు, విడిగా అడగండి. బంగాళాదుంపల పాస్తాలో పంది ముక్కలు పడొచ్చు, నూనెలో వేయించిన పిజ్జాలోనూ అంతే. కొట్లో "సెంత్సా కార్నె, సెంత్సా పెషె, సెంత్సా స్త్రుత్తో" అనండి, మాంసం చేప కొవ్వు వద్దని. అడగడానికి మొహమాటపడకండి, వాళ్లు తిండి గురించి మాట్లాడటానికి ఎప్పుడూ సిద్ధమే, అవతల క్యూ ఉన్నా సరే.

మరి ఏం తినాలి? పిజ్జా మరినారా. పేరు చూసి సముద్రపు చేపలనుకోవద్దు, టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె అంతే, చీజ్ కూడా ఉండదు. చీజ్ గట్టిపడటానికి దూడ పొట్టలోంచి తీసే రెనెట్ వాడతారు కాబట్టి మీ పెద్దవాళ్లు అంత నిష్ఠగా ఉంటే ఇదే దారి, పట్టింపు లేకపోతే మార్గెరీటా. ఈ పిజ్జా చేసే విద్యని యునెస్కో 2017లో గుర్తించింది. మధ్యలో మెత్తగా, తడిగా ఉంటుంది, "ఉడకలేదు" అని వెనక్కి పంపకండి, అది అంతే. నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చేదాన్ని "ఆ పోర్తఫోల్యో" అంటారు, పర్సు మడత అని. త్రిబునాలిలో పేరుమోసిన కొట్ల ముందు గంటన్నర నిలబడకండి, మోకాళ్ల మనిషితో అసలొద్దు. పక్క సందులో ఇరుగుపొరుగువాళ్లు తింటున్న కొట్టు చాలు, నా నాలుకకి తేడా తెలియలేదు. సంచీలో ఒక ఆవకాయ ప్యాకెట్ ఉంచుకోండి, మరినారా మీద అది ఎలా ఉంటుందో నేను చెప్పను, మీరే చూడండి.

తిన్నాక హోటల్‌కి వెళ్లి పడుకోండి. సాయంత్రం ఎండ తగ్గాక మోంతెసాంతో నుంచి ఫునికొలారే (తాడు రైలు) ఎక్కి పైకి, మోర్గెన్‌లో దిగి సాన్ మర్తీనో అనే పాత మఠం ముందున్న మైదానం దాకా ఐదారు నిమిషాల నడక. ఆ రోజు రైలు నడుస్తోందో లేదో మాత్రం ముందు చూసుకోండి. పైనుంచి చూస్తే పొద్దున మీరు నడిచిన వీధి ఊరి మీద కత్తితో గీసిన గీతలా కనిపిస్తుంది. నడవకముందు చూస్తే అది ఒట్టి గీత, అందుకే సాయంత్రానికి పెట్టాను.

బుధవారం పొద్దున సాన్సెవేరో మొదటి టికెట్ తీసుకోండి. జుసెప్పె సన్‌మర్తీనో 1753లో చెక్కిన ఆ క్రీస్తు మీదున్న పల్చటి వస్త్రం కూడా పాలరాయే, ఒకే రాయి. కింద నుదుటి నరం కనిపిస్తుంది. ఆ చాపెల్ యజమాని రైమోందో ది సాంగ్రో రసవాది, నిజం గుడ్డనే రాయిగా మార్చాడని జనం చెప్పుకునేవారు. ఫొటోలు తీయనివ్వరు, మంచిదే, అందరూ కళ్లతో చూస్తారు. తర్వాత త్రిబునాలి మీదికొచ్చి పుర్గతోరియో ఆద్ ఆర్కో చర్చి ముందున్న కంచు పుర్రెల్ని చూడండి. ఎవరూ లేని అనాథ శవాల పుర్రెల్ని ఒక్కొక్కరు దత్తత తీసుకుని, తుడిచి, దీపం పెట్టి, కోరికలు కోరుకునే ఆచారం ఇక్కడ ఉండేది. చర్చి అధికారులు 1969లో వద్దన్నారు, పూర్తిగా ఆగిందని నేను అనుకోను.

సాన్ గయెతానో చౌక్ దగ్గర భూగర్భ సొరంగాల టూర్ ఉంది. వందకు పైగా మెట్లు, కొన్ని చోట్ల ఒళ్లు పక్కకి తిప్పి నడవాల్సినంత ఇరుకు. గ్రీకులు రాయి తవ్విన గుంటలు, తర్వాత ఊరి మంచినీళ్ల కాలువలు, 1884 కలరా తర్వాత ఆపేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో జనం తలదాచుకున్నారు. మీరు వెళ్లొచ్చు, మామయ్యగారు వద్దు. ఆయన్ని పక్కనే సాన్ లొరెన్సో మజ్జోరే చర్చిలో కూర్చోబెట్టండి, చల్లగా ఉంటుంది.

ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే, త్రిబునాలి చివర పియో మోంతే దెల్లా మిజెరికోర్దియా. 1602లో ఏడుగురు కుర్రవాళ్లు, డబ్బున్నవాళ్లు, పేదలకి సాయం చేయడానికి పెట్టిన సంస్థ, ఇప్పటికీ ఆ పని చేస్తోంది. రోమ్‌లో ఒకణ్ని చంపి 1606లో పారిపోయి వచ్చిన చిత్రకారుడు కరవాజ్జోతో వాళ్లు ఒక బొమ్మ వేయించారు, ఆకలిగొన్నవాళ్లకి అన్నం, దాహానికి నీళ్లు, చచ్చినవాళ్లకి అంత్యక్రియలు, ఇలా ఏడు దయగల పనులు. ఏడు బొమ్మలు వేస్తాడనుకుంటే ఏడింటినీ ఒకే చీకటి సందులో ఇరికించాడు. జైలు ఊచల్లోంచి తల పెట్టిన ముసలి తండ్రికి కూతురు పాలిస్తోంది, మూల మలుపులో శవం పాదాలు మాత్రమే కనిపిస్తాయి, పైన దేవదూతలు ఒకరి మీద ఒకరు పడిపోతున్నట్టున్నారు. 1607 నాటి బొమ్మ, ఏ సంస్థ కోసం వేశాడో వాళ్ల దగ్గరే ఇంకా ఉంది. ఎంత డబ్బిచ్చినా అమ్మకూడదని 1613లోనే తీర్మానం చేసుకున్నారు. మీరు రెండు రోజులు చూసిన సందు అదే, బయటికొస్తే ఆ ముఖాలే స్కూటర్ల మీద పోతుంటాయి.

దొంగల సంగతి. ఐదేళ్లలో నా పర్సు పోయింది ఒక్కసారి, అదీ కిక్కిరిసిన రైల్లో, ఈ వీధుల్లో కాదు. ఫోన్ చేతిలో ఊపుకుంటూ నడవకండి, చూడాలంటే గోడ వైపు ఆగి చూడండి, సంచీ రోడ్డు వైపు భుజానికి కాకుండా ముందుకి వేసుకోండి. స్టేషన్ చుట్టుపక్కల రాత్రి పొద్దుపోయాక పనిలేకుండా తిరగొద్దు. అంతకు మించిన టెన్షన్ అక్కర్లేదు, మంది ఎప్పుడూ ఉంటారు, పెద్దవాళ్లంటే వాళ్లకి గౌరవం ఎక్కువ, మా అమ్మకి బస్సులో ఒక్కసారి కూడా నిలబడాల్సి రాలేదు. నిజంగా భయపడాల్సింది రెండిటికి. ఒకటి స్కూటర్లు, నడిచేవాళ్ల వీధి అని బోర్డున్నా వస్తాయి, శబ్దం వినగానే అటూ ఇటూ గెంతకుండా మీ దారిలో మీరు తిన్నగా నడవండి, వాడే తప్పుకుంటాడు. రెండోది కింద పరిచిన నల్లరాతి పలకలు, అగ్నిపర్వతపు రాయి, వాన పడితే నున్నగా సబ్బులా ఉంటాయి. మా అమ్మ జారిపడింది అక్కడే, కొత్త చెప్పులతో. అత్తయ్యగారు చీరలో నడుస్తానంటే నడవనివ్వండి, కాళ్లకి మాత్రం రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి, మామయ్యగారికి చేతికర్ర ఉంటే మొహమాటపడకుండా తెచ్చుకోమనండి.

బుధవారం సూట్‌కేసులు హోటల్లోనే వదిలి రండి, ఆ రాళ్ల మీద ఈడిస్తే చక్రాలు రావు. రైలు ఎన్ని గంటలకో చెబితే దువోమోకి టైముందో లేదో చెబుతాను. దువోమో మెట్రో స్టేషన్ కూడా ఇప్పుడు తెరిచారు, లైన్ 1లో గరిబాల్దికి అక్కడి నుంచి ఒకటే స్టాపు.